గోనె మీద దేశం

మోరిలో జీడి ఖార్ఖానా వెనక
లారీ దిగిన గోనెల మీద నల్లసిరాతో ఓ ఊరి పేరు.
ఎండకీ ఉప్పుగాలికీ సగం చెరిగింది.
మా ప్రశాంతి కూడబలుక్కుని చదివింది: మ్త్వారా.
ముందు పెదాలు మూసి, తెరుస్తూ అనాలంట.
ఆవిరి గదిలోకి వెళ్ళేముందు ఊపిరి బిగపట్టినట్టు.

ఆఫ్రికా అంటే ఒకటే ఊరనుకున్నానిన్నాళ్ళూ,
రావులపాలెం దాటితే అంతా హైదరాబాదే అనే మా అత్తలాగ.
యాభై పైచిలుకు దేశాలంట.
ఈ కాయలది టాంజానియా.

సరుకు కొనడానికెళ్ళి మూడు నెల్లుండొచ్చిన
గుమస్తా బుల్లబ్బాయిగారు
టీ చల్లారేలోగా దేశమంతా చెప్పేశారు.
నేల ముక్క టాంగన్యికా, నీళ్ళలో ముక్క జాంజిబారు,
రెండూ కలిసినప్పుడు పేర్లు కూడా
సగం సగం కత్తిరించి కుట్టుకున్నారంట.
జాంజిబారు లవంగాల లంక,
మన లంకల్లాగే, కాకపోతే చుట్టూ ఉప్పునీళ్ళు.
రాజధాని దొడోమా, మెట్టలో.
సందడి మాత్రం రేవులో, దార్ ఎస్ సలాంలో.
కిలిమంజారో అని ఓ కొండ,
భూమధ్యరేఖ పక్కనే నిలబడి కూడా
నెత్తిన మంచు దించుకోదంట.
"ఎలా ఉంటుందండీ మంచు?"
ఆయనా చూళ్ళేదు.
విమానంలో అటుపక్క సీటు దొరకలేదంట.

రుఫీజి అని వాళ్ళకో నది.
సముద్రం దగ్గరపడేసరికి పాయలు పాయలైపోద్దంట,
మడ చెట్లు, పీతలు, వరిచేలు.
మరి తుఫాన్లో, అన్నాను.
మనంత లేవంట.
కొబ్బరిచెట్లన్నీ ఒక్క రాత్రిలో పడుకున్న
తొంభై ఆరు గుర్తొచ్చి
ఆ నది మీద కాస్త కోపమొచ్చింది.

గడియారం పొద్దు పొడిచాకే మొదలంట అక్కడ.
పొద్దున్న ఏడైతే వాళ్ళు ఒంటిగంటంటారు.
ఆ లెక్కన నేను ఒంటిగంటకి పీటెక్కుతాను,
పదకొండింటికి నడుం పట్టుకుని దిగుతాను.
పేరు మారిందంతే, నడుం అదే.

నూటిరవై దాకా భాషలున్నా
అందరూ కలిసేది స్వాహిలీలోనంట.
దుకాణాన్ని దూకా అంటారు. చాయ్ చాయే. బీమా బీమాయే.
గాలివాటుకి తెరచాపలు మోసుకెళ్ళిన మాటలంట.
బీమా అన్న మాట అంత సముద్రం దాటింది,
మా మేస్త్రీ గడప దాటలేకపోయింది.

జీడిని కొరోషో అంటారు.
పండు తెంపరు, రాలనిచ్చి ఏరతారు.
వంగి ఏరేది ఎక్కువ ఆడవాళ్ళేనని
ఆయన చెప్పకముందే నాకు తెలుసు.
అక్కడ పగలగొట్టే చోట్లు చాలవంట,
అందుకని కాయ పెంకుతోనే ఓడెక్కి
నా సుత్తి కిందకి వస్తుంది.
ఆవిడ పప్పు తిందో లేదో.
నేనైతే ముక్కలే తిన్నాను, గుండు తినలేదు.

నిన్న ఖాళీ గోనె దులుపుతుంటే
చిరుగు మీద ఓ గుడ్డ మాటు.
పసుపుపచ్చ మీద ఎర్రపూలు, అంచున అచ్చక్షరాలు.
వాళ్ళు కట్టుకునే బట్ట మీద సామెతలు రాసుంటాయంట.
ప్రశాంతి చదివింది. చదవడం వచ్చింది గానీ అర్థం రాలేదు.
బుల్లబ్బాయిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు.
పైగా సామెత సగంలోనే చిరిగింది.
అత్త మీదో, మొగుడి మీదో,
పక్కింటి మీదో ఎవరు చెప్తారు.

కుట్టు విప్పి, జీడిసొన పడ్డ వేలికి
ఆ ముక్కే చుట్టుకున్నాను.

దెబ్బ తగిలినవాళ్ళని చూసినా
బరువు మోసేవాళ్ళు ఎదురొచ్చినా
'పోలే' అంటారంట అక్కడ, కొత్తా పాతా లేకుండా.
మన 'అయ్యో' లాంటిది.

రాత్రి కంచం ముందు ప్రశాంతి అడిగింది
మంట పోయిందా అమ్మా అని.
పోలే... అన్నాను.
'దు' ఇంకా నోట్లోనే ఉంది,
రోడ్డు మీద లోడు లారీ హారన్ కొట్టింది.